లిఫ్ట్ చేసిన బండిని స్టాండర్డ్ ఎత్తుకు దించడం: అపోహలు – వాస్తవాలు

లిఫ్ట్ చేసినప్పుడు, అంటే అదనపు సామాన్లు బిగించి బండిని పైకి లేపినప్పుడు, ఎత్తుతోపాటు ప్రతి రాడ్డూ, ప్రతి ఆర్మూ, యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టూ కోణం మారతాయి. ఆ కోణాలను సరిచెయ్యడానికి స్ప్రింగులతో పాటు ఇంకా చాలా సామాన్లు బిగిస్తారు. దించేటప్పుడు ఎత్తు పెంచిన ముక్కను తీసేసి, కోణం సరిచేసిన ముక్కను మరిచిపోతే నిన్నటిదాకా బండిని కాపాడిన సామానే ఇవాళ దాన్ని పాడుచేస్తుంది. దించాక సరిగ్గా నడవని బండ్లలో చాలావాటి జబ్బు ఇదే.

అపోహ: పాత స్ప్రింగులు తిరిగి వేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: స్ప్రింగులు మార్చడం ఇందులో తేలికైన భాగం. ముందు టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరి, కంపెనీ బిగించని ప్రతి ముక్కనూ కాగితం మీద రాసుకోవాలి. రంగు తేడా, కొత్త వెల్డింగు, అవసరానికి మించి పొడవున్న బోల్టు కనబడితే అక్కడ ఆగి చూడాలి.

ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండిలో పాన్‌హార్డ్ రాడ్‌తో, అంటే యాక్సిల్ పక్కకు జరగకుండా చాసిస్‌కు కట్టి ఉంచే అడ్డ కడ్డీతో, మొదలుపెట్టండి. 800 మి.మీ. రాడ్ స్టాండర్డ్ ఎత్తులో రెండు చివరల మధ్య 50 మి.మీ. తేడాతో ఉందనుకుందాం. బండిని 75 మి.మీ. లేపితే ఆ తేడా 125 అవుతుంది, యాక్సిల్ సుమారు 8 మి.మీ. పక్కకు జరుగుతుంది. దాన్ని మధ్యకు తేవడానికి రాడ్ పొడవు పెంచుతారు, లేదా చాసిస్ వైపు బ్రాకెట్ దించుతారు. బండి కిందికి వచ్చాక పొడుగు రాడ్ అలాగే ఉంటే యాక్సిల్ అంతే దూరం రెండో పక్కకు తోసుకుపోతుంది. ఒక పక్క టైరు మడ్‌గార్డ్ లోపలికి, రెండో పక్క బయటికి కనబడుతుంది.

డ్రాగ్ లింక్ (స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే కడ్డీ) ఏటవాలు తగ్గించడానికి కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి ఆ కడ్డీని కదిపే చెయ్యి) వేసి ఉండొచ్చు. డ్రాగ్ లింక్, పాన్‌హార్డ్ రాడ్ సమాంతరంగా ఉన్నంతసేపు చక్రం గుంతలో పడి లేచినా స్టీరింగ్ కుదురుగా ఉంటుంది. సమాంతరం తప్పితే ప్రతి గుంతకూ బండి తనంతట తాను పక్కకు తిరుగుతుంది. అందుకని పిట్‌మన్ ఆర్మ్, పాన్‌హార్డ్ బ్రాకెట్ రెండూ ఒకేసారి మారాలి. ఒకటి మార్చి ఒకటి వదలడం కన్నా రెండూ వదిలేసినప్పుడే తేడా తక్కువగా తెలుస్తుంది, కానీ వంగిన ఆర్మ్ కింద యాక్సిల్‌కు తగిలే ప్రమాదం అలాగే ఉంటుంది. ఆర్మ్‌ను పుల్లర్‌తోనే ఊడదియ్యాలి. సుత్తి దెబ్బ స్టీరింగ్ బాక్సులో బేరింగుల మీద పడుతుంది.

ఇక కాస్టర్, అంటే పక్కనుంచి చూసినప్పుడు చక్రం ఏ అక్షం మీద స్టీరింగ్‌కు తిరుగుతుందో అది వెనక్కి వాలిన కోణం. 900 మి.మీ. రేడియస్ ఆర్మ్ (యాక్సిల్‌ను ముందువెనకలుగా చాసిస్‌కు కట్టే చెయ్యి) ఉన్న ముందు యాక్సిల్‌ను 75 మి.మీ. లేపితే కాస్టర్ దాదాపు 4.8 డిగ్రీలు తగ్గుతుంది. ఆఫ్‌సెట్ బుష్‌లతోనో (రంధ్రం నడిమిలో కాక పక్కకు ఉన్న కీలు రబ్బర్లు) ప్లేట్లతోనో దాన్ని మళ్లీ పెంచుతారు. ఆ బుష్‌లతోనే బండిని దించితే కాస్టర్ కావలసినదానికన్నా అంత ఎక్కువవుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, వదిలితే విసురుగా తిరిగొస్తుంది. యాక్సిల్ తిరిగిన కొద్దీ పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) ముక్కు కిందికి వాలుతుంది కాబట్టి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా అదరడం మొదలవుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిల్‌లకు శక్తిని పంచే గేరు పెట్టె) దించడానికి క్రాస్‌మెంబర్‌కూ (దాన్ని మోసే అడ్డ దూలం) చాసిస్‌కూ మధ్య పెట్టిన స్పేసర్లు, బంప్ స్టాపుల (యాక్సిల్ పైకి వచ్చి తగిలే రబ్బరు అడ్డులు) కింద పెట్టిన దిమ్మలు, మలుపుల్లో బండి వాలకుండా చూసే స్టెబిలైజర్ కడ్డీ పొడుగు లింకులు కూడా ఇదే జాబితాలోవి. బంప్ స్టాప్ దిమ్మలు మరిచిపోతే బండి కొంచెం బరువెక్కగానే రబ్బరు మీద కూర్చుంటుంది. కొత్త స్ప్రింగులు గట్టిగా ఉన్నాయని చాలామంది అనుకునేది అప్పుడే.

అపోహ: బ్రేకులకూ ఎత్తుకూ సంబంధం లేదు.

వాస్తవం: వెనక యాక్సిల్‌కు చిన్న రాడ్‌తో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉన్న బండి అయితే సంబంధం నేరుగా ఉంది. చాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య దూరాన్ని బట్టి బండి ఖాళీగా ఉందో లోడుతో ఉందో ఆ వాల్వ్ గ్రహిస్తుంది. లిఫ్ట్‌తో దూరం పెరిగితే ఎప్పుడూ ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గిస్తుంది. అందుకే కిట్‌లో ఒక బ్రాకెట్టో పొడుగు రాడ్డో ఇస్తారు. దించాక దాన్ని వదిలేస్తే కథ తిరగబడుతుంది: ఖాళీ బండిని లోడు బండిగా భావించి వాల్వ్ వెనక ఒత్తిడి పెంచుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందు లాక్ అయి బండి వెనక భాగం పక్కకు కొట్టేస్తుంది. ఈ మొత్తం పనిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

పొడుగు బ్రేకు గొట్టాలు ఉంచుకోవచ్చు. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, చక్రం పైకి నొక్కుకున్నప్పుడూ కిందికి వేలాడినప్పుడూ గొట్టం టైరుకు గానీ స్ప్రింగుకు గానీ రాసుకోవడం లేదని చూస్తే చాలు.

అపోహ: షాకులు కొత్తవే కదా, అవి అలాగే ఉండనివ్వొచ్చు.

వాస్తవం: లిఫ్ట్ షాకు పూర్తిగా ముడుచుకున్నప్పుడు కూడా స్టాండర్డ్ షాకు కన్నా పొడవుంటుంది. ఇది ఊహతో తేల్చే విషయం కాదు, కొలిచి చూసుకోవాలి. బండి నేల మీద నిలబడి ఉండగా షాకు రెండు బిగింపుల మధ్య దూరం 480 మి.మీ., బంప్ స్టాప్‌కూ యాక్సిల్‌కూ మధ్య ఖాళీ 80 మి.మీ. అనుకోండి. బంప్ స్టాప్ రబ్బరు గట్టి దెబ్బకు మరో 30 మి.మీ. నలుగుతుంది. అంటే బిగింపుల దూరం 370 మి.మీ. దాకా తగ్గగలదు. 10 మి.మీ. భద్రత కోసం వదిలితే షాకు ముడుచుకున్న పొడవు 360కి మించకూడదు. అది 385 ఉంటే బంప్ స్టాప్ రబ్బరు పూర్తిగా నలగకముందే షాకు అడ్డుపడుతుంది. మిగిలిన దెబ్బంతా షాకు పిస్టన్ మీద, దాని బిగింపు మీద పడుతుంది. వాల్వ్ చిట్లుతుంది, లేదా చాసిస్ మీది బ్రాకెట్ ఊడివస్తుంది. బంప్ స్టాప్‌కు దూరంగానో ఏటవాలుగానో ఉన్న షాకుకు ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడ స్ప్రింగు తీసేసి, జాకీతో యాక్సిల్‌ను బంప్ స్టాప్ దాకా లేపి, రాడ్ ఎంత మిగిలిందో నేరుగా చూడటం మేలు.

రెండో చివర కూడా ఇబ్బందే. పొడుగు షాకు యాక్సిల్‌ను మరీ కిందికి వేలాడనిస్తుంది. పొట్టి స్టాండర్డ్ కాయిల్ అంత దూరం సాగదు, వదులై సీటులోంచి జారుతుంది.

అపోహ: స్ప్రింగు పక్కన నిలబెట్టి కొలిస్తే ఎంత దిగుతుందో తెలిసిపోతుంది.

వాస్తవం: 600 కిలోల బరువు కింద మిల్లీమీటరుకు 3 కిలోల బిగువున్న స్ప్రింగు 200 మి.మీ. నొక్కుకుంటుంది. 4 కిలోల బిగువున్నది 150 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది. రెండూ విడిగా ఒకే పొడవున్నా బండి ఎత్తులో 50 మి.మీ. తేడా వస్తుంది. కాబట్టి చక్రం హబ్ మధ్య నుంచి నిలువుగా మడ్‌గార్డ్ అంచు దాకా కొలత తీసుకోండి. నేల నుంచి తీస్తే టైరు సైజు, గాలి కూడా లెక్కలోకి వచ్చి గందరగోళమవుతుంది. నాలుగు మూలలా విప్పకముందు ఒకసారి, బిగించి కొంతదూరం నడిపాక ఒకసారి కొలవాలి.

ఏళ్లుగా మూలన పడేసిన పాత స్ప్రింగులు వేస్తే అసలు ఎత్తు వస్తుందన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. అప్పటికే వాడి కుంగిన స్ప్రింగు మూలన ఉన్నంత మాత్రాన తిరిగి లేవదు. బండికి స్టీలు బంపరు, వించ్, అదనపు ట్యాంకు ఉంటే స్టాండర్డ్ స్ప్రింగు ఇంకా కిందికి దిగుతుంది. అలాంటి బండికి ఎత్తు పెంచకుండా బరువు మొయ్యడానికే చేసిన గట్టి స్ప్రింగులు దొరుకుతాయి, అవే సరైనవి. కొన్ని మోడళ్లలో ఎడమ, కుడి స్ప్రింగులు వేరు. వాటి మీది రంగు గుర్తులు చూసి బిగించాలి.

అపోహ: లిఫ్ట్ స్ప్రింగును ఒక చుట్టు కోసేస్తే సరిపోతుంది.

వాస్తవం: 8 పనిచేసే చుట్లలో ఒకటి తీసేస్తే బిగువు 14 శాతం పెరుగుతుంది, కోసిన చివర సీటులో కూర్చోదు. గ్యాస్ మంటతో వేడిచేసి దించితే ఉక్కు పదును పోతుంది, తర్వాత కుంగుతూనే ఉంటుంది లేదా విరుగుతుంది. ఈ రెండూ ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

అపోహ: జాకీ మీద ఉండగానే అన్ని బోల్టులూ గట్టిగా బిగించెయ్యాలి.

వాస్తవం: మంచి మెకానిక్కులు కూడా ఇక్కడ తప్పుతారు. కంట్రోల్ ఆర్మ్, రేడియస్ ఆర్మ్, పాన్‌హార్డ్ రాడ్, కమాన్ పట్టీల కన్నుల్లో ఉండే బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆర్మ్ ఎంత తిరిగినా మెలితిరిగేది రబ్బరే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద నిలబడ్డ ప్రతి క్షణం రబ్బరు మెలిక పడే ఉంటుంది. అది త్వరగా చిరుగుతుంది, ఈలోగా బండిని కాస్త పైకి పట్టి ఉంచుతుంది కూడా.

సరైన పద్ధతి: అన్ని బోల్టులూ చేతి బిగింపుతో పెట్టి, చక్రాలు తగిలించి, బండిని నేలకు దించి, నాలుగు మూలలా ఊపి, ముందుకూ వెనక్కూ కాస్త కదిపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) బిగించాలి. టార్క్ విలువ ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలోదే వాడాలి. కింద పట్టేంత ఖాళీ లేకపోతే చక్రాల కింద ర్యాంపులు పెట్టండి.

చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. మీరు విప్పని బోల్టులు కూడా లిఫ్ట్ ఎత్తులో బిగించినవే. వాటిని వదులు చేసి కొత్త ఎత్తులో మళ్లీ బిగించాలి. దించాక అనుకున్న కొలత కన్నా బండి 10, 15 మి.మీ. ఎత్తుగా నిలబడితే ముందు అనుమానించాల్సింది వాటినే. స్వేచ్ఛగా తిరిగే పాలీయురేథేన్ బుష్‌లకు ఈ నియమం వర్తించదు, వాటికి గ్రీజు పెడితే చాలు.

అపోహ: కమాన్ పట్టీల బండికి ఎత్తు కోసం పెట్టిన బ్లాకు తీసేసి పాత యూ-బోల్టులే బిగించొచ్చు.

వాస్తవం: యూ-బోల్టు బిగించినప్పుడు సాగి పట్టు ఇస్తుంది. ఒకసారి సాగినదాన్ని విప్పి మళ్లీ వాడితే ఆ పట్టు రాదు. పైగా బ్లాకుకు సరిపడా పొడవున్నవి కాబట్టి మర ఉన్నంతమేరా నట్టు దిగి ఆగిపోతుంది. టార్క్ వచ్చినట్టే చూపిస్తుంది, పట్టీలు మాత్రం వదులుగానే ఉంటాయి. కొత్త పొట్టి యూ-బోల్టులు, కొత్త నట్లు తీసుకుని, ఎదురెదురు మూలల వరసలో మూడు నాలుగు విడతల్లో బిగించాలి. 100 కిలోమీటర్ల తర్వాత, 500 తర్వాత మళ్లీ టార్క్ చూడాలి. పినియన్ కోణం కోసం పట్టీలకూ యాక్సిల్‌కూ మధ్య పెట్టిన చీలిక ముక్కలు తీసెయ్యాలి. సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటు రంధ్రంలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. అది కూర్చోకపోతే యాక్సిల్ వంకరగా నిలబడి బండి పక్కకు లాగుతుంది.

అపోహ: ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో (ప్రతి చక్రం విడిగా కదిలేది) స్పేసర్ మందం ఎంతో అంతే దిగుతుంది.

వాస్తవం: చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే డబుల్ విష్‌బోన్‌లో స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసిన ముక్క) కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. అందుకే పైన పెట్టిన 25 మి.మీ. స్పేసర్ చక్రం దగ్గర సుమారు 40 నుంచి 50 మి.మీ. అవుతుంది. స్ట్రట్ పైకప్పు మీద పెట్టిన స్పేసర్‌ను స్ప్రింగు ముట్టుకోకుండా తియ్యొచ్చు. స్ప్రింగుకూ పై ప్లేటుకూ మధ్య ఉన్నదానికి కంప్రెసర్ తప్పనిసరి. స్ప్రింగు సీటుల మధ్య వదులై చేత్తో తిరిగేదాకా నడిమి నట్టు జోలికి పోవద్దు. ప్రాణాలు తీసేంత శక్తి అందులో ఉంటుంది. డిఫరెన్షియల్ దించిన స్పేసర్లు ఉంటే వాటినీ తీసి పైకి ఎక్కించాలి.

టార్షన్ బార్ (కాయిల్ బదులు మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటే ఆ పక్క చక్రం బరువు తీసేశాకే సర్దుబాటు బోల్టు తిప్పాలి. రెండు పక్కలా ఒకే సంఖ్యలో తిప్పితే ఒకే ఎత్తు వస్తుందని లేదు. ప్రతిసారీ బండిని కదిపి కొలిచి సరిచూడాలి.

అపోహ: బాడీ లిఫ్ట్ (చాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి లేపినది) అయితే దిమ్మలు లాగేస్తే చాలు.

వాస్తవం: ఒక పక్క బోల్టులు పూర్తిగా విప్పి, రెండో పక్కవి వదులు చేసి, చెక్క దిమ్మ పెట్టి జాకీతో కొద్దికొద్దిగా లేపాలి. రేడియేటరు గొట్టాలు, ఫ్యాన్ కవచం, స్టీరింగ్ షాఫ్ట్ పొడిగింపు, గేర్ లివర్, ఇంధనం పోసే గొట్టం, ఎర్త్ తీగలు ఒక్కొక్కటీ చూస్తూ దించాలి. బోల్టులు అసలు పొడవువే వెయ్యాలి. పొడుగువి మర చివరికి తగిలి ఆగి, బాడీని వదులుగా వదిలేస్తాయి.

అపోహ: పెద్ద టైర్లు ఉంచుకోవచ్చు, నిలబడి ఉన్నప్పుడు తగలడం లేదు.

వాస్తవం: 265/65 ఆర్17 టైరు వ్యాసం 776 మి.మీ., 285/70 ఆర్17 వ్యాసం 831 మి.మీ. పైన 27 మి.మీ. ఖాళీ తగ్గుతుంది. స్ప్రింగు నొక్కుకుని, స్టీరింగ్ చివరిదాకా తిరిగి ఉన్నప్పుడు చూస్తేనే నిజం తెలుస్తుంది. చిన్న టైర్లకు మారితే, స్పీడోమీటర్‌ను పెద్ద టైర్లకు సరిచేసి ఉన్నట్టయితే అది 100 చూపించినప్పుడు అసలు వేగం 93 దగ్గర ఉంటుంది. దాన్నీ వెనక్కి మార్పించాలి.

అపోహ: అన్నీ కంపెనీవే వేశాం కాబట్టి అలైన్‌మెంట్ అక్కర్లేదు.

వాస్తవం: ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఎత్తు మారగానే కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారతాయి. సాలిడ్ యాక్సిల్‌లో టో దాదాపు అలాగే ఉంటుంది కానీ స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుంది, డ్రాగ్ లింక్ సర్దాలి. స్టీరింగ్ కోణం సెన్సారుకు సున్నా చెప్పించాలి. అద్దం వెనక కెమెరా ఉంటే దానికీ క్యాలిబ్రేషన్ చేయించాలి. హెడ్‌లైట్లు ఇప్పుడు దగ్గరి నేలను చూస్తుంటాయి, గోడకు ఎదురుగా పెట్టి సరిచెయ్యాలి.

లిఫ్ట్‌లో నడిచిన సీవీ జాయింట్లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ఆ కోణాల్లోనే అరిగి ఉంటాయి. దించాక వాటి వదులు కొత్త చోట బయటపడొచ్చు. అలైన్‌మెంట్ కన్నా ముందే జాయింట్ల మీది రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగాయేమో, జాయింట్లలో కదలిక ఉందేమో చూసుకోవాలి. అరిగిన జాయింటుతో పెట్టిన కొలత బండి యంత్రం దిగేదాకానే నిలుస్తుంది.