నల్లగొండ నీళ్లను ఎవరు కొలిచారు?

మా చిన్నప్పుడు ఊళ్లోకి జీపు వచ్చిందంటే నీళ్ల కోసమే అనుకునేవాళ్లం. ఒకాయన బోరింగు కొట్టించి సీసాలో నీళ్లు పట్టేవాడు. ఇంకొకాయన మా నోళ్లు తెరిపించి పండ్లు చూసి ఏదో రాసుకునేవాడు. సీసా మీద ఊరి పేరు రాసిన చీటీ అంటించుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆ నీళ్లలో ఏముందో చెప్పడానికి మళ్లీ ఎవరూ రాలేదు.

ఆ నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్. దాని మీద చదువు తక్కువేం జరగలేదు. ఫ్లోరైడ్ ఎక్కువై పండ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని సంగతి 1937లో నెల్లూరు జిల్లా నుంచి బయటికొచ్చింది. 1955లో నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పని తేలింది. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది. అయితే నీళ్లను బట్టి రోజూ పటిక మోతాదు చూసుకోవాలి, అడుగున పేరిన మడ్డి ఎత్తిపోయాలి. ఊళ్లో ఆ పని ఎవరు చేస్తారన్నది తేలకపోతే ఎంత మంచి పద్ధతైనా నిలవదు.

జనం తమ మాట వినిపించడానికి వేరే దారి చూసుకున్నారు. నీళ్ల కోసం పోరాడుతున్న జల సాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఏకంగా 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఏ పరిశోధన పత్రమూ తేలేనంత కదలిక అది తెచ్చింది.

బాధ పడేవాళ్లే పరిశోధనలో పాలుపంచుకోవాలన్న ఆలోచన అప్పటికే పాతది. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1946లోనే కార్యాచరణ పరిశోధన, అంటే సమస్యను మారుస్తూనే దాన్ని చదివే పద్ధతి గురించి రాశాడు. కొలంబియాలో సామాజిక శాస్త్రవేత్త ఓర్లాండో ఫాల్స్ బోర్డా దాన్ని రైతుల దగ్గరికి తీసుకెళ్లాడు. మన దగ్గర అది నేల మీదికి దిగింది మాత్రం భూగర్భ జలాల దగ్గర. 2003 తర్వాత నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో, రైతులే తమ బోర్లను కొలవడం మొదలుపెట్టారు.

పని చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. టేపు చుట్టిన రీలును బోరులోకి వదులుతారు. కొస నీళ్లకు తగలగానే పైన బజర్ మోగుతుంది. ఎన్ని మీటర్లకు మోగిందో నోట్‌బుక్‌లో రాసుకుంటారు. మోటారు వేసి, డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పెట్టి చూస్తారు. వాన లెక్కతో కలిపి ఆ అంకెలను ఊరి బోర్డు మీద రాస్తారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని నేలలో ఎంత నీరుంది, వరి వేస్తే ఎంత కావాలని లెక్క కడతారు. ఫలానా పంటే వేయాలన్న నిర్బంధం లేదు. అయినా చాలా ఊళ్లలో నీళ్లు ఎక్కువ తాగే పంటలు తగ్గాయి. అంకె తన చేత్తో రాసినది కాబట్టే రైతు దాన్ని నమ్మాడని నేననుకుంటాను.

తాగునీటికి మాత్రం ఆ పద్ధతి అంతగా రాలేదు. మిషన్ భగీరథతో ఇప్పుడు ఇంట్లో నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు వస్తున్నాయి, అది చిన్న మేలు కాదు. అయితే పొలం దగ్గర దప్పికైతే ఇప్పటికీ బోరు నీళ్లే దోసిట్లో పట్టి తాగుతారు. ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉందో గోడ మీద రాసిపెట్టుకున్న ఊరు నాకు ఇంతవరకు కనబడలేదు.