మాందే అంటే చిత్తమా?

చిరంజీవులైన నా మనవడికీ, మనవరాలికీ,

అమ్మమ్మ ఆశీస్సులు. బడిలో స్పానిష్ తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. మాటకు అర్థం వల్లెవేసి ఊరుకోకండి. టెక్సస్‌లో మీ దగ్గర ఉన్నన్నాళ్ళూ పక్కింటి మెక్సికో ఆవిడతో సగం సైగలతో కబుర్లాడి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

ముందుగా ఉస్తేద్. మన "మీరు" లాంటిదే, కానీ పుట్టుక వేరు. పూర్వం గౌరవించవలసిన వారిని బుఎస్త్రా మెర్సెద్, అంటే "తమరి దయ" అని సంబోధించేవారు. అది నోళ్ళలో అరిగి అరిగి ఉస్తేద్ అయింది. అందుకే ఎదుటి మనిషితోనే మాట్లాడుతున్నా, క్రియ మాత్రం "అతను, ఆమె"లకు వాడేదే వస్తుంది. వింతేమీ కాదు. పాలేరు ఎదురుగా నిలబడి "అయ్యగారు భోంచేశారా?" అని అడగలేదూ! స్నేహితులను తూ (నువ్వు) అనండి, టీచరును మాత్రం ఉస్తేద్. కొలంబియాలో బొగొతా వైపు కొన్ని ఇళ్ళలో కన్నపిల్లలనూ ఉస్తేద్ అంటారు. మీ తాతయ్య కోపమొచ్చినప్పుడు నన్ను "మీరు" అన్నట్టు కాదు, ప్రేమగానే.

మెక్సికోలో పెద్దలు పిలిస్తే "కే?" (ఏమిటి?) అనకూడదు, "మాందే?" అనాలని పిల్లలకు నేర్పుతారు. "ఆజ్ఞాపించండి" అని దాని అర్థం, మన పాత "చిత్తం" లాగా. అందులో దాస్యపు వాసన ఉందని అక్కడే కొందరికి గిట్టదు. నాకూ "చిత్తం" గిట్టదు. కానీ పక్కింటావిడ కొడుకు మేడమీది నుంచి "మాందే, మమా?" అంటుంటే ముద్దొచ్చేది.

దె నాదా అచ్చంగా మన "దానిదేముంది". పోర్ ఫవోర్ అంటే "దయచేసి". అయితే స్పెయిన్‌లో కాఫీ అడిగేవారు చాలాసార్లు అది కూడా అనరు, "నాకో కాఫీ ఇస్తావా?" అన్న అడిగే తీరులోనే మర్యాద సరిపెడతారు. మన ఇళ్ళలోనూ అంతేగా.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రొవెచో. హోటల్లో తిని వెళ్తూ ముక్కూ మొహం తెలియనివారు కూడా మన బల్ల పక్కగా ఆ మాట అనేసి పోతారు. తిన్నది ఒంటబట్టాలని! బదులుగా గ్రాసియాస్ (ధన్యవాదాలు) అంటే చాలు.

తుమ్మితే మనం "చిరంజీవ" అంటాం, వాళ్ళు సలూద్, అంటే ఆరోగ్యం అంటారు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల రెండో తుమ్ముకు దినేరో (డబ్బు), మూడోదానికి అమోర్ (ప్రేమ). ఈ చలికి నాకు తుమ్ములు ఎక్కువయ్యాయి. ఆదివారం ఫోనులో సరిగ్గా లెక్కపెట్టుకుని చెప్పండి.

మీ
అమ్మమ్మ