పేరడీ అనే మాటపై అపోహలు – వాస్తవాలు

కడపలో డిగ్రీ విద్యార్థులకు ఛందస్సు, సాహిత్య ప్రక్రియలు బోధిస్తున్న నాకు పేరడీ గురించి ఏటా కొన్ని అపోహలే మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి.

అపోహ: పేరడీ అనే మాట పుట్టుకలోనే ఎగతాళి ఉంది.

వాస్తవం: ఇంగ్లీషు ద్వారా మనకు చేరిన ఈ మాటకు మూలం గ్రీకులోని ‘పరోడియా’. అందులో ‘ఓడె’ అంటే పాట. ‘పర’ అనే ఉపసర్గకు ‘పక్కన’ అనీ ‘ఎదురుగా’ అనీ రెండర్థాలూ ఉన్నందువల్ల, పాట పక్కన పాడే పాట అన్నా, ఎదురుపాట అన్నా వ్యుత్పత్తి చెడదు. ఎగతాళి వాడుకలో చేరింది. పేరడీలు రాసిన మొదటివాడు థాసోస్‌కు చెందిన హెగెమోన్ అని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో పేర్కొన్నాడు. అనంతపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే దీనినే ‘అణకవాడు’ అంటారు. ‘అణక’ అంటే వెక్కిరింపుగా అనుకరించడం, చివర ‘వాడు’గా మారినది ‘హాడు’, అంటే కన్నడంలో పాట. మన ‘వెక్కిరింత’లో ఆ పాట లేదు కనుక దానిని పేరడీకి పర్యాయపదంగా వాడడం నాకు సమ్మతం కాదు.

అపోహ: మకుటం తగిలిస్తే వేమన పద్యానికి పేరడీ అయిపోతుంది.

వాస్తవం: ఉగ్గాని బజ్జీ మీద రాసినా, సప్లిమెంటరీ పరీక్షల మీద రాసినా, వేమన పద్యాల ఛందస్సైన ఆటవెలది ఆటవెలదిగానే నడవాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణం అంటే అక్షరాల చిన్న గుంపు). 2, 4 పాదాల్లో ఐదేసి సూర్యగణాలు ఉండాలి. ‘విశ్వదాభిరామ వినుర వేమ’ అనేది సరిగ్గా ఐదు సూర్యగణాల నాలుగో పాదం. మొదటి రెండు పాదాల్లో లోకరీతి చెప్పి, మూడో పాదంలో పోలికతోనో తీర్పుతోనో బిగించడం వేమనకు బాగా అలవాటు. నడకతోపాటు ఆ బిగింపును కూడా పట్టుకోకపోతే చెవికి మూలం వినిపించదు, మూలం వినిపించని చోట పేరడీ లేదు.

అపోహ: నచ్చని కవులకే పేరడీలు రాస్తారు.

వాస్తవం: పాఠకుడికి నోటికి వచ్చిన కవితకే పేరడీ పండుతుంది. పేరడీలకు పేరుపొందిన జరుక్ శాస్త్రి శ్రీశ్రీ కవితలను ఎంచుకున్నది అందుకేనని నా అభిప్రాయం.

అపోహ: అనుకరించి నవ్వించడం మనకు పరాయి విద్య.

వాస్తవం: శృంగారాన్ని అనుకరిస్తే హాస్యం పుడుతుందని నాట్యశాస్త్రం ఆరో అధ్యాయమే చెబుతోంది. అయితే నిమ్మలకుంట వంటి చోట్ల నిలిచిన తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడు, బంగారక్కలను పేరడీకి ఉదాహరణగా చూపడం పొరపాటు. కథను కాసేపు ఆపి తమ గొడవ తాము ఆడే ఆ పాత్రలది ప్రహసనం.