ఛాంబర్ ఆఫ్ కామర్స్ అంటే ఏమిటి: మనవలకు ఒక ఉత్తరం

కాకినాడ

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో మీరడిగిన ప్రశ్నకు అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేదు. "టీవీలో ఫిల్మ్ ఛాంబర్ అంటారు, నువ్వేమో కాకినాడలో కూడా ఛాంబర్ ఉందంటావు, అక్కడ సినిమాలు తీయరు కదా" అన్నారు. మంచి ప్రశ్న. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గానే చదువుకోండి.

సినిమా వ్యాపారం చేసేవాళ్ళు పెట్టుకున్నది ఫిల్మ్ ఛాంబర్. మద్రాసులో 1939లో సౌత్ ఇండియన్ ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ మొదలైంది. హైదరాబాదులో ఉన్న దాని పూర్తి పేరు తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్. బియ్యం, నూనె, మందులు, యంత్రాలు, ఏ వ్యాపారం చేసేవాళ్ళయినా ఒక ఊళ్ళోనో ఒక జిల్లాలోనో కలిసి పెట్టుకునే సంఘం మామూలు ఛాంబర్ ఆఫ్ కామర్స్. అది ప్రభుత్వ ఆఫీసు కాదు. లాభం పంచుకునే కంపెనీ కూడా కాదు. సభ్యులు చందాలు కడతారు, కమిటీని ఎన్నుకుంటారు. చాలా ఛాంబర్లు కంపెనీల చట్టం కింద రిజిస్టరయి ఉంటాయి గానీ, వాటికి మిగిలిన డబ్బు సంఘం పనికే వాడాలి, సభ్యులు జేబులో వేసుకోకూడదు.

ఇంతవరకు మీ టీచరైనా చెబుతారు. పొద్దున లేస్తే ఒకరి గిరాకీ ఒకరు లాక్కునే వ్యాపారులు ఒకే బల్ల చుట్టూ ఎందుకు కూర్చుంటారు? అసలు తెలుసుకోవాల్సింది అది. అందుకు మన ఊరి కథే చెప్పాలి.

1852 నాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి. ఆ కాలవలు పొలాలకు నీళ్ళిచ్చాయని మీరు పాఠంలో చదివే ఉంటారు. వాటిమీద పడవలు కూడా నడిచాయి. డెల్టాలో పండిన ధాన్యం, నువ్వులు, ఆముదాలు పడవల్లో రేవుకొచ్చేవి. అంతకుముందు ఈ తీరంలో పెద్ద రేవు కోరంగి. గోదావరి తెచ్చే ఒండ్రుతో అది మేటవేసిపోయింది, 1839 తుఫానులో ఊరు ఊరంతా దెబ్బతింది. కాకినాడ పక్కనే డచ్చివాళ్ళుండిన జగన్నాథపురం 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. తర్వాత 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం. ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. వాళ్ళ చూపు మన దేశపు పత్తిమీద పడింది, పత్తి కొనే కంపెనీలు కాకినాడలో దిగాయి. 1866లో ఊరు మునిసిపాలిటీ అయింది.

అయితే కాకినాడ సముద్రానికి ఒక ఇబ్బంది ఉంది. హోప్ ఐలాండ్ అనే దీవి అడ్డు ఉండటం వల్ల అలలు తక్కువే కానీ, ఒడ్డు దగ్గర లోతు లేదు. స్టీమర్లు కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేసి నిలబడాల్సిందే. సరుకంతా పడవల్లోకెక్కించి, కాలవ మీదుగా సముద్రంలోకి తీసుకెళ్ళి, ఓడలోకి ఎత్తాలి. ఒండ్రు ఏటా వచ్చి పడుతూనే ఉంటుంది. కాలవ పూడితే పడవ కదలదు, పడవ కదలకపోతే ఓడ ఎదురుచూస్తుంది, ఓడ ఎదురుచూసిన ప్రతి రోజుకీ కంపెనీ డబ్బు కట్టాలి. మరి ఆ పూడిక ఎవరు తీయించాలి? ఒక కంపెనీ తన డబ్బుతో తీయిస్తే పక్క కంపెనీ పడవలు కూడా హాయిగా అందులోంచే వెళ్ళిపోతాయి. అందుకని ఎవరూ ముందుకు రారు. పోనీ ఒక్కడే వెళ్ళి మద్రాసులో ప్రభుత్వాన్ని అడిగితే, "నీ లాభం కోసం అడుగుతున్నావు" అంటారు. అందరూ కలిసి సంతకాలు పెట్టి అడిగితే అది రేవు సమస్య అవుతుంది. ఇలాంటి అవసరాలే పోటీదారులను ఒక చోట కూర్చోబెడతాయి.

1868 అక్టోబరు 29న కొకనాడ ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఏర్పడింది. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు మన ఊరిని అలాగే రాసేవారు. పేరు ఊరిదే అయినా గోదావరి, కృష్ణా, విశాఖపట్నం, గంజాం జిల్లాల వర్తక సంస్థలు కూడా దాంట్లో చేరవచ్చు. చేరాలంటే ఉన్న సభ్యులు రహస్యంగా ఓటు వేసి ఒప్పుకోవాలి. పదిహేను రోజులకోసారి ఒక సర్క్యులర్ వేసేవారు. సరుకుల ధరలు, ఓడ కిరాయిలు, రూపాయి మారకం రేటు అందులో ఉండేవి. ఫోన్ తీస్తే అన్ని రేట్లూ కనబడే మీకు ఇదేమంత గొప్పగా అనిపించకపోవచ్చు. కానీ ఆ రోజుల్లో ధర తెలిసినవాడికి, తెలియనివాడికి మధ్య తేడాయే లాభమంతా. అందరూ నమ్మే ఒక కాగితం ఉండటం రేవుకే పెద్ద ఆసరా.

ఒక సంగతి మీకు దాచకుండా చెప్పాలి. ఆ గదిలో పెత్తనం యూరప్ కంపెనీలది. పంట మనది, పడవ మనది, మోసే భుజం మనది. సర్క్యులర్ మాత్రం వాళ్ళ భాషలో, వాళ్ళ లెక్కకు తగ్గట్టు తయారయ్యేది. దేశమంతా అదే తీరు. 1833 చార్టర్ చట్టంతో ఈస్టిండియా కంపెనీ వ్యాపారం మానుకోవాల్సి రావడంతో ప్రైవేటు ఇంగ్లీషు కంపెనీలు పెరిగాయి. 1836లో మద్రాసులోనూ బొంబాయిలోనూ ఛాంబర్లు పెట్టుకున్నాయి. వాటి మాట గవర్నరు చెవికి తేలిగ్గా చేరేది.

1906లో మద్రాసులో అర్బత్‌నాట్ అనే పేరుమోసిన ఇంగ్లీషు బ్యాంకు దివాలా తీసింది. ఎంతోమంది దాచుకున్న సొమ్ము పోయింది. అప్పటికే స్వదేశీ ఉద్యమం నడుస్తోంది. మన సంస్థలు మనకుండాలన్న పట్టుదల ఇంకా పెరిగింది. మరుసటి ఏడే ఇండియన్ బ్యాంక్ వచ్చింది. 1909లో భారతీయ వర్తకులు సదరన్ ఇండియా ఛాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టారు. దాన్ని నిలబెట్టినవాళ్ళలో పిట్టి త్యాగరాయ చెట్టి గారొకరు. తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబం, నేత వ్యాపారం. 1910 నుంచి 1921 దాకా ఆయనే అధ్యక్షుడు. చెన్నైలో మీ అత్తయ్య బట్టలు కొనే టీ నగర్ ఆయన పేరు మీదిదే. 1919 భారత ప్రభుత్వ చట్టం తర్వాత మద్రాసు శాసనమండలిలో కొన్ని ఛాంబర్లకు సొంతంగా సీట్లు కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో ఆస్తి లేని మామూలు మనిషికి ఓటే లేదు, ఛాంబర్‌కేమో సీటు. ఇది నాకిప్పటికీ న్యాయంగా అనిపించదు. అదే సమయంలో, ఆ సీట్లన్నీ తెల్లవాళ్ళ కంపెనీలకే పోకుండా మనవాళ్ళ ఛాంబర్ ఉండబట్టి కదా మన గొంతు కూడా వినిపించింది అనుకుంటాను.

హైదరాబాదులో 1917లో మొదలైన ఛాంబర్ ఇప్పటి తెలంగాణ ఛాంబర్ల సమాఖ్యకు మూలం. గాంధీగారి సలహాతో 1927లో దేశం మొత్తం ఛాంబర్లకు సమాఖ్యగా ఫిక్కీ వచ్చింది. 1928లో మద్రాసులో ఆంధ్రా ఛాంబర్ పెట్టారు.

ఇక ఇప్పటి పనికొద్దాం. నేను ఎగుమతి ఆఫీసులో పత్రాలు చూసేవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలిసిన కాగితం గురించి చెబుతాను. దాని పేరు సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. మన బియ్యం బెనిన్‌కో టోగోకో వెళుతుందనుకోండి. అక్కడి కస్టమ్స్‌వాళ్ళకు ఈ సరుకు ఏ దేశంలో పుట్టిందో తెలియాలి, పన్ను దాన్నిబట్టి ఉంటుంది. అమ్మేవాడు తనంతట తాను "ఇండియాదే" అని రాసుకుంటే చెల్లదు. అందుకు ప్రభుత్వం అనుమతించిన ఛాంబర్ పత్రాలు చూసి ధ్రువీకరిస్తుంది. ఎగుమతిదారు పేరు, కొనేవాడి పేరు, ఓడ పేరు, రేవు, బస్తాలెన్ని, నికర బరువెంత, అన్నీ ఇన్‌వాయిస్‌లో ఉన్నట్టే ఉండాలి. కొన్నవాడి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అవతలి బ్యాంకు డబ్బు ఆపేస్తుంది. ఓడ కదిలాక ఆ తేడా కనబడితే ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెడుతున్నారు. కాగితం పోయినా దాని వెనక ఉన్న నమ్మకం మాత్రం అలాగే ఉంది.

రెండోది తగాదాలు. బియ్యంలో నూక ఇంత శాతం మించకూడదని ఒప్పందం. బస్తాకు ఇనుప గొట్టం గుచ్చి నమూనా తీస్తే కొన్నవాడు ఎక్కువుందంటాడు, అమ్మినవాడు లేదంటాడు. కోర్టుకెళితే ఏళ్ళు పడుతుంది. ఆ సరుకు గురించి తెలిసిన పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తేల్చే ఏర్పాటు చాలా ఛాంబర్లలో ఉంది. వ్యాపారంలో రేపు కూడా ఒకరి ముఖం ఒకరు చూడాలి కాబట్టి నాకు ఈ పద్ధతంటే గౌరవం.

మూడోది వినతిపత్రాలు. 2023 జులై 20న కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, దేశంలో ధరలు పెరుగుతున్నాయని. కాకినాడలాంటి రేవుకు అది పెద్ద దెబ్బ. మళ్ళీ 2024 సెప్టెంబరు చివర్లోగానీ ఎత్తేయలేదు. ఇలాంటప్పుడు ఎగుమతిదారులు, మిల్లర్లు కలిసి ఢిల్లీకి రాస్తారు, మంత్రుల్ని కలుస్తారు. వాళ్ళ కష్టం నిజమే. బియ్యం కొనుక్కుని తినే ఇంటి కష్టం కూడా నిజమే, కానీ ఆ ఇంటికి ఛాంబర్ ఉండదు. బార్జీ, అంటే సరుకు పడవ, మీద బస్తాలు మోసే హమాలీలకు వేరే యూనియన్లున్నాయి. ఛాంబర్ వర్తకుల గొంతు, ఊరంతటి గొంతు కాదు. అధికారులు ఇది గుర్తుపెట్టుకుని వింటే చాలు.

సోషల్ ప్రాజెక్టుకు ఇంటర్నెట్లోంచి బొమ్మలు దించుకుని అంటించకండి. మీ ఊళ్ళో ఛాంబర్ ఆఫీసు ఎక్కడుందో నాన్నతో కనుక్కుని వెళ్ళండి. సెక్రటరీగారికి నమస్కారం పెట్టి, కిందటి ఏడు ప్రభుత్వానికి ఏమేం రాశారో చూపించమనండి. దానికి జవాబు వచ్చిందా అని కూడా అడగండి. చిన్న కిరాణా కొట్టువాడు చేరాలంటే చందా ఎంత, అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారు, ఆడవాళ్ళు కమిటీలో ఉన్నారా అని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని నాకు పంపండి. కాకినాడ సంగతులు నేను కనుక్కుని రాస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ
తాతయ్య