కానరీ దీవుల వైట్ వైన్: అపోహలు - వాస్తవాలు

రెస్టారెంట్లో వైన్ ఎంచిపెట్టి వడ్డించడం నా ఉద్యోగం. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల వైట్ వైన్ తెరిచినప్పుడల్లా ఈ మాటల్లో ఏదో ఒకటి వింటాను.

అపోహ: మాల్వసీయా ద్రాక్షతో చేసేదంటే తియ్యటి వైనే.
వాస్తవం: ఒకప్పుడు ఓడలెక్కి ఇంగ్లండుకు వెళ్లింది తియ్యటిదే. ఇప్పుడు లాన్సరోటే దీవిలో ఎక్కువగా చేసేది తీపి లేని డ్రై వైన్.

అపోహ: అగ్నిపర్వతపు రాయి రుచి వేర్ల గుండా గ్లాసులోకి వస్తుంది.
వాస్తవం: రాదు. వేర్లు పీల్చేది నీటిని, అందులో కరిగిన లవణాలను. కొన్నింటిలో అగ్గిపుల్ల గీసినట్టు వచ్చే వాసన చాలావరకు రసం పులిసేటప్పుడు పుట్టే గంధక సమ్మేళనాలది.

అగ్నిపర్వతం చేసిన మేలు వేరే ఉంది. 1730 నుంచి 1736 దాకా సాగిన విస్ఫోటనాలు లాన్సరోటే పొలాలను నల్లటి బూడిదతో కప్పేశాయి. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే దీవి అది. రైతులు బూడిదను తవ్వి, కింద పాత మట్టి తగిలాక అక్కడ తీగ నాటారు. కొన్ని గుంటల్లో మనిషి దిగితే పైకి కనబడడు. గాలి వచ్చే వైపు అర్ధచంద్రాకారంలో రాళ్లు పేర్చిన గోడ. పైనున్న బూడిద పొర మట్టిలోని తడిని ఆరిపోనివ్వదు. అక్కడ ట్రాక్టర్ తిరగదు, ప్రతి గుంటలోకీ మనిషే దిగి కోయాలి. ధర ఎందుకంత అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: పాలోమినో ద్రాక్ష షెర్రీకి (స్పెయిన్‌లో ఆల్కహాల్ కలిపి చేసే వైన్‌కు) తప్ప పనికిరాదు.
వాస్తవం: కానరీల్లోనే ఉన్న టెనెరీఫే దీవిలో లిస్తాన్ బ్లాంకో అనేది అదే ద్రాక్ష. ఒరోటావా లోయలో సముద్రపు గాలులు తెచ్చే మబ్బుల చల్లదనంలో అది పులుపు నిలుపుకుంటుంది, రుచిలో సన్నటి ఉప్పదనం తగులుతుంది. అక్కడి పాత తీగల్ని జడలా అల్లి, నేలకు కాస్త ఎత్తులో మీటర్ల కొద్దీ పొడవునా సాగదీస్తారు. కోత అయ్యాక ఆ జడను పక్కకు జరిపి అదే నేలలో బంగాళాదుంపలు వేసే పద్ధతి ఉంది. ఇంత తెలివైన సాగును నేను మరెక్కడా చూడలేదు.

అపోహ: లేబుల్ మీద 'పాత తీగలు' అని ఉంటే వైన్ గొప్పదే.
వాస్తవం: ఎన్నేళ్లయితే పాతదో చెప్పే ఒకే నిబంధన యూరప్ అంతటికీ లేదు. అడగాల్సింది తీగ సొంత వేర్ల మీద ఉందా అని. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు యూరప్ తోటల్ని తుడిచిపెట్టాక దాదాపు అంతటా దాన్ని తట్టుకునే అమెరికన్ వేర్లకు అంటు కట్టాల్సి వచ్చింది. అప్పట్లో ఆ పురుగు కానరీ దీవులకు చేరలేదు. కానీ 2025లో టెనెరీఫేలో బయటపడింది. అంటు కట్టని తీగకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. అటువైపు టూర్‌కి వెళ్తే తోటలోకి అడుగుపెట్టే ముందు, వచ్చేటప్పుడు బూట్ల మట్టి దులుపుకోండి, కొమ్మ గానీ ఆకు గానీ తెంపుకురావద్దు.