(4, 3) అంటే చోటు కాదమ్మా, నడక

బుజ్జమ్మకి, దాంతోపాటు ఇది చదివే పిల్లలందరికీ,

బాణం (2, 1) దగ్గర బయల్దేరి (6, 4) దగ్గర ఆగితే దాన్ని (4, 3) అని రాయమంటారేంది తాతా, ఆడ బాణం కొన కూడా లేదే అని అడిగావు చూడు, మంచి ప్రశ్న. ఇంటర్ ఫస్టియర్‌లో సదిశలు (వెక్టర్లు, అంటే ఎటు, ఎంత అని రెండూ చెప్పే బాణాలు) మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది తడబడేది ఇక్కడే.

మన కోవూరు పక్క పొలాలు తలుచుకో. నాట్లు పడ్డాక మడికి అడ్డంగా నడవకూడదు, గట్ల మీదే పోవాలి. నేను నాయనకు అన్నం క్యారియర్ తీసుకుపోయేటప్పుడు అమ్మ దారి ఎట్లా చెప్పేదంటే, తూర్పుకి నాలుగు మడులు, ఉత్తరానికి మూడు, అంతే. గట్టు మెత్తగా ఉండేది, చెప్పులు చేతిలో పట్టుకుని కాలివేళ్లు బురదలోకి దించుకుంటూ నడిచేవాణ్ణి. మడవ దగ్గర ఎగిరి దూకితే పులుసు గిన్నె మూత కిందనుంచి కారి నా మోకాలి మీద పడేది. నేరుగా పోదామనే తొందరలో ఒకరి పైరు తొక్కే అలవాటు మాత్రం నాకు రాలేదు, మీకూ రాకూడదు.

అమ్మ చెప్పింది నాయన ఉన్న చోటు కాదు, నేను నడవాల్సిన నడక. మా ఇల్లు ఇంకో వీధిలో ఉండి, పొలం ఇంకో పక్క ఉన్నా 'తూర్పుకి 4, ఉత్తరానికి 3' అనే నడక మారదు. అందుకే ఆగిన చోటులోంచి బయల్దేరిన చోటు తీసేస్తాం: 6లోంచి 2 పోతే 4, 4లోంచి 1 పోతే 3. పడమటికి, దక్షిణానికి నడిస్తే మైనస్. అక్కడినుంచి పడమటికి ఒక మడి, ఉత్తరానికి రెండు నడిచావనుకో, అది (−1, 2). రెండు నడకలూ కలిపితే (3, 5). తూర్పు లెక్క తూర్పుతోనే, ఉత్తరం లెక్క ఉత్తరంతోనే కూడాలి. మడులన్నీ సమానమైన చతురస్రాలైతే, నేను గట్ల మీద 7 మడుల దూరం నడిచేలోపు తెల్లకొంగ ఐమూలగా 5 మడుల దూరమే ఎగిరి అక్కడ వాలేది. 4 వర్గం, 3 వర్గం కూడి వర్గమూలం తీస్తే వచ్చే 5 అదే, సదిశ పరిమాణం, అంటే బాణం పొడవు.

దీన్నే 4ఐ + 3జె అనీ రాస్తారు. ఐ అంటే తూర్పుకి ఒక మడి, జె అంటే ఉత్తరానికి ఒకటి. ఈ అక్షరాలు 1843లో హామిల్టన్ అనే ఐర్లాండు గణితవేత్త కనిపెట్టిన లెక్కనుంచి వచ్చాయి. డబ్లిన్‌లో భార్యతో కాలవ గట్టున నడుస్తుంటే ఆ లెక్కకు మూలమైన సమీకరణం తట్టి, అక్కడి వంతెన రాతి మీదే కత్తితో గీకేశాడట. ఆయనకూ గట్టు మీదే తట్టడం నాకు భలే ఇష్టం.

ఇక లెక్కలు చాలు. శ్రీహరికోట నుంచి తూర్పుకి పోయే రాకెట్ ఉన్న రోజు, మబ్బు లేకపోతే నెల్లూరులో మిద్దెక్కి దక్షిణానికి తిరిగి నిలబడు. మొదట నిట్టనిలువుగా లేస్తుంది, తర్వాత నీ ఎడమ చేతి వైపు, అంటే తూర్పుకి వంగుతుంది. నేలమీద ఉన్నప్పుడే భూమి తిరగడం వల్ల దానికి తూర్పుకి సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ఊరికే వచ్చి ఉంటుంది, ఎంత వింత! ఆ పొగదారి మొదట్లో ఒక చిన్న బాణం, వంగిన చోట ఇంకో బాణం కాగితం మీద గియ్యి. ఒక్కోటి పైకి ఎంత, తూర్పుకి ఎంత అని పక్కన రాసి నాకు పంపు.

మీ తాత