ఫ్లాట్ గోడ బీటలు వారితే బిల్డర్‌ని ఎన్నేళ్ల దాకా అడగొచ్చు?

గుంటూరులోనో విజయవాడలోనో కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లకి గృహప్రవేశం నాటికి అంతా బాగానే కనిపిస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక బాత్‌రూం గోడ అవతలి వైపు చెమ్మెక్కి పెయింట్ పొంగుతుంది, స్లాబు పెచ్చులూడి లోపలి ఇనుము తుప్పుపట్టి బయటపడుతుంది. నల్లరేగడి నేలయితే మరీను, తడికి ఉబ్బి ఎండకి కుంగే ఆ మట్టి మీద పునాది సరిగా పడకపోతే బీటలు ఏళ్లు గడిచాక కూడా వస్తూనే ఉంటాయి. చట్టం చాలాకాలం ఈ సంగతి పట్టించుకోలేదు.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఒప్పందం ఉల్లంఘిస్తే వేసే దావాకి గడువు 3 ఏళ్లు. కోర్టు ఫీజు, వాయిదాలు తలుచుకునే చాలామంది వెనక్కి తగ్గేవాళ్లు. 1986లో వినియోగదారుల చట్టం వచ్చినా ఇంటి నిర్మాణం అందులోకి వస్తుందా రాదా అని వాదనలు నడిచాయి. 1993 సవరణ దాన్ని సేవల్లో చేర్చింది, అదే ఏడాది లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కానీ ఆ సవరణే ఫిర్యాదుకి 2 ఏళ్ల గడువు కూడా పెట్టింది, 2019 చట్టంలోనూ అది అలాగే ఉంది.

అసలు మార్పు రెరాతో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంతో వచ్చింది. 2017 మే 1 నుంచి అమల్లో ఉన్న దాని 14(3) సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన రోజు నుంచి 5 ఏళ్లలోపు లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, అది కట్టడంలోదైనా పనితనంలోదైనా, 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి, చేయకపోతే పరిహారం కట్టాలి. ఇక్కడ లెక్క రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు, స్వాధీనం నుంచి. అందుకే తాళాలిచ్చిన రోజు కాగితం మీద ఉండాలి, లోపం గురించి చెప్పింది కూడా రాతలోనే ఉండాలి. "వానలు తగ్గనివ్వండి సార్, మేస్త్రిని పంపిస్తా" అని బిల్డర్ ఫోన్లో ఎన్నిసార్లన్నా గడువు ఆగదు.

మనవైపు పెద్ద చిక్కు ఇంకోటుంది. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు, మించని స్థలంలో కట్టినవాటికీ, 8 ఫ్లాట్లు మించనివాటికీ రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాత ఇల్లు పడగొట్టి లేపే మన వీధుల్లోని గ్రూప్ హౌస్‌లు చాలావరకు ఈ కొలతల్లోనే ఉంటాయి. రెరా మాకు వర్తించదని బిల్డర్ అడ్డం తిరగడానికి అదే సందు, అప్పుడు దగ్గరి దారి వినియోగదారుల కమిషనే, అక్కడేమో మళ్లీ ఆ 2 ఏళ్లే. ఈ మినహాయింపు లోపాల విషయంలోనైనా తీసేయాలి.